రాళ్ళు మోసినవాళ్ళకు కూలి ఎంత? - పిల్లలకు ఇన్కా నాగరికత పరిచయం

ప్రపంచంలోని ప్రాచీన నాగరికతల గురించి పదేళ్ళ పిల్లలు చదువుకోదగ్గ చిన్న పుస్తకాలు తేవాలని మేం కొందరు మిత్రులం సంకల్పించాం. ఒక్కొక్కరం ఒక్కో నాగరికతను పంచుకున్నాం. దక్షిణ అమెరికాలో, ఆండీస్ పర్వతాల్లో వెలసిన ఇన్కా నాగరికత నా వంతుకు వచ్చింది. ఏ పుస్తకాన్నయినా అచ్చుకిచ్చే ముందు పిల్లలకు చదివి వినిపించాలన్నది మేం పెట్టుకున్న నియమం. ఆ ప్రకారం అనంతపురం జిల్లాలోని ఒక పల్లె గ్రంథాలయంలో, ఒక ఆదివారం, ఇరవైమంది పిల్లల ముందు నా రాతప్రతి చదివాను.

అది బాగానే వచ్చిందని నా నమ్మకం. కుస్కో నగరంలో బంగారు రేకులు తాపిన సూర్యదేవాలయం, సూర్యుడి కొడుకునని చెప్పుకున్న చక్రవర్తి, సున్నం లేకుండా పేర్చిన సక్సాయ్‌వామన్ గోడలు, వాటిలో నూరు టన్నులకు మించిన బండలు, మబ్బుల మధ్య మచు పిచు, చివరకు పిజారో అనే స్పెయిన్ దండనాయకుడు వచ్చి అంతా దోచుకుపోవడం - అన్నీ ఉన్నాయి. పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. నేను సంతోషంగా కాగితాలు మడుస్తుండగా అయిదో తరగతి చదివే ఒక పిల్ల లేచి నిలబడింది.

"సార్, ఆ రాళ్ళు మోసినోళ్ళకు కూలెంత ఇస్తాంటిరి?"

ఆ పిల్ల తల్లి శెనక్కాయలు వలిచే కూలికి పోతుందని తరువాత తెలిసింది. "ఆ దేశంలో డబ్బు చలామణిలో లేదమ్మా" అన్నాను. "డబ్బు ఇయ్యకుంటే యాల మోసిరి సార్?" అని మళ్ళీ అడిగింది. నేను రాసిన పదహారు పేజీల్లో దానికి జవాబు లేదు. బంగారం బరువు ఉంది, గోడ ఎత్తు ఉంది, రాజుల పేర్లున్నాయి. మనిషి ఎందుకు పని చేశాడో, ఎవరికోసం చేశాడో, ఏం తిని చేశాడో లేదు. నాగరికతను పరిచయం చేయబోయి దాని అలంకారాన్ని మాత్రమే పరిచయం చేశానని అప్పుడు తెలిసింది. ఆ రాతప్రతి పక్కన పెట్టి, ఆ ప్రశ్నకు జవాబుగా పుస్తకం మళ్ళీ రాశాను. ఆ పనిలో నేను నేర్చుకున్నవి, పిల్లల కోసం రాసే ఇతర రచయితలకు ఉపయోగపడతాయనుకున్నవి ఈ వ్యాసంలో చెబుతాను.

బంగారం ఎవరి కథ?

ముందుగా, ఇన్కాలనగానే మనకు బంగారమే ఎందుకు గుర్తుకు వస్తుందో ఆలోచించాలి. 1532 నవంబరు 16న కజమార్కా పట్టణంలో ఫ్రాన్సిస్కో పిజారో 168 మంది మనుషులతో మాటువేసి ఇన్కా చక్రవర్తి అతవాల్పాను పట్టుకున్నాడు. విడుదలకోసం ఒక గది నిండా బంగారం, దానికి రెండింతలు వెండి ఇస్తానని అతవాల్పా ఒప్పుకున్నాడు. ఇచ్చాడు కూడా. గుళ్ళలోని పాత్రలు, ప్రతిమలు, గోడల రేకులు కరిగించగా సుమారు 6 టన్నుల బంగారం, దాదాపు 12 టన్నుల వెండి తేలాయి. అంతా పంచుకున్నాక 1533లో అతవాల్పాను చంపేశారు.

ఇందులో అబద్ధం లేదు. అయితే ఇది దోచుకున్నవాడు చెప్పిన కథ. అతని కంటికి ఆనింది బంగారం కనుక అతని పద్దు పుస్తకంలో బంగారమే మిగిలింది. ఇన్కాల దృష్టిలో అంతకన్న విలువైన వస్తువు నేత బట్ట. సైనికులకు బహుమానంగానూ, కొత్తగా లొంగిన నాయకులకు మర్యాదగానూ రాజు ఇచ్చింది బట్ట. మేలైన నేతను 'కుంబి' అనేవారు. ఇక బంగారానికి వాళ్ళ సమాజంలో డబ్బుకుండే పని లేదు. బంగారంతో కథ మొదలుపెట్టిన రచయిత, తనకు తెలియకుండానే, పిజారో గుర్రమెక్కి ఆ దేశంలోకి వెళుతున్నాడన్నమాట.

పిల్లల పుస్తకాల్లో ఈ చూపు ఎంతగా పాతుకుపోయిందో టిన్‌టిన్ బొమ్మల కథ చూస్తే తెలుస్తుంది. బెల్జియం చిత్రకారుడు హెర్జే 1940లలో గీసిన కథలో యూరప్ కుర్రవాడు సూర్యగ్రహణాన్ని అడ్డు పెట్టుకుని ఇన్కాలను భయపెట్టి ప్రాణాలు కాపాడుకుంటాడు. కుస్కో చుట్టూ కొండల మీద స్తంభాలు నాటి, సూర్యుడు ఏ రోజు ఎక్కడ అస్తమిస్తాడో చూసి విత్తనాల అదను నిర్ణయించుకున్న జనాన్ని, ఆకాశం తెలియని అమాయకులుగా ఆ బొమ్మలు చూపాయి. పిల్లవాడు ఆ పుస్తకాన్ని నవ్వుకుంటూ చదువుతాడు. నవ్వుతోపాటు, తెల్లవాడికి తెలివి ఉంటుంది, మిగతావాళ్ళకు భయం ఉంటుంది అన్న భావం కూడా లోపలికి పోతుంది.

మూడు మాటలు: ముయ్యి, వంతు, వెట్టి

కూలి ప్రశ్నకు జవాబు చెప్పాలంటే కొండ దగ్గర మొదలుపెట్టాలి. కుస్కో సముద్రమట్టానికి సుమారు 3,400 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ మొక్కజొన్న పండుతుంది. ఇంకా పైకిపోతే ఉర్లగడ్డలు పండుతాయి. ఆ పైన పంట లేదు, లామాలు, అల్పకాలు మేసే గడ్డి మాత్రమే. కిందికి దిగితే మిరప, పత్తి, కోకా ఆకు. ఒక్క ఎత్తున ఉండి ఏ కుటుంబమూ పూర్తిగా బతకలేదు. అందుకని ఒకే వంశం మనుషులు వేర్వేరు ఎత్తుల్లో చెలకలు పెట్టుకుని పంటలు పంచుకునేవారు. ఆండీస్ ఆర్థిక వ్యవస్థకు ఇది పునాది అని జాన్ మర్రా అనే పండితుడు 1972లో వివరించాడు.

ఈ వంశ సమూహం పేరు 'అయ్యు'. భూమి అయ్యుది, కుటుంబానికి ఎంతమంది ఉంటే అంత చెలక. ఒకరి చేను దున్నడానికి పక్కవాళ్ళు వస్తారు. రేపు వాళ్ళ చేనుకు వీళ్ళు పోతారు. దీన్ని కెచువా భాషలో 'అయ్ని' అంటారు. నేను మొదట దీనికి 'పరస్పర శ్రమ సహకారం' అని రాశాను. పిల్లలకు అర్థం కాలేదు. వివరించబోతే వెనక కూర్చున్న ఒక కుర్రవాడు "ముయ్యి సార్!" అన్నాడు. రాయలసీమ పల్లెల్లో ఇప్పటికీ ఆ మాట ఉంది: నువ్వు నా చేనుకు రా, నేను నీ చేనుకు వస్తా. నా పెద్ద మాటకన్న వాడి చిన్న మాట సరిగ్గా అతికింది.

ఈ ముయ్యి మీద ఇన్కా రాజ్యం లేచింది. పదిహేనో శతాబ్దం మధ్యకాలం వరకు ఇన్కాలు కుస్కో లోయలో ఒక చిన్న తెగ. పాచకుతి అనే రాజు కాలం నుంచి, అంటే సుమారు 1438 నుంచి, నూరేళ్ళ లోపల, నేటి కొలంబియా దక్షిణభాగం నుంచి చిలీ మధ్యభాగం దాకా విస్తరించారు. వాళ్ళు తమ దేశాన్ని 'తవాంతిన్‌సుయు' అన్నారు. నాలుగు సీమలు కలిసినది అని అర్థం. ఓడిన ప్రతి సీమలోనూ భూమిని మూడు భాగాలు చేసేవారని స్పానిష్ చరిత్రకారులు రాశారు: ఒకటి సూర్యుడికి, ఒకటి రాజ్యానికి, ఒకటి అయ్యులకు. మొదటి రెండు భాగాలను అయ్యులే దున్నాలి. పంటలో పన్ను లేదు. పన్ను అంతా శ్రమలోనే. దారులు వేయడం, వంతెనలు కట్టడం, గనులు తవ్వడం, సైన్యంలో చేరడం - ప్రతి అయ్యు తన మనుషులను కొంతకాలం పంపాలి. దీని పేరు 'మిత'.

ఇక్కడే అనువాదకుడికి పరీక్ష. మితకు 'వెట్టి' అని రాస్తే తెలుగు పాఠకుడికి వెంటనే మనసుకు పడుతుంది. తెలంగాణ దొరల గడీలు కళ్ళముందు మెదులుతాయి. 'శ్రమదానం' అని రాస్తే చల్లగా ఉంటుంది. రెండూ తప్పే. కెచువాలో మిత అంటే వంతు. చెరువు నీళ్ళకు వంతు వచ్చినట్టు పనికి వంతు వస్తుంది. వంతుకు వచ్చినవాడు తన తిండి తను తెచ్చుకోనక్కర్లేదు. రాజ్యం గిడ్డంగుల నుంచి తిండి, మొక్కజొన్న కల్లు, బట్ట, పనిముట్లు ఇస్తుంది. అతను ఇంట లేనప్పుడు అతని చేను అయ్యు చూసుకుంటుంది. వానుకో పంపా అనే ఒక్క పట్టణం పక్కనే దాదాపు 500 గిడ్డంగుల శిథిలాలున్నాయి. బొలీవియాలోని కొతపాచిలో సుమారు 2,400. కొండగాలి తగిలేలా కట్టిన ఆ గదుల్లో మొక్కజొన్న, ఉర్లగడ్డ నిలవ ఉండేవి. రాత్రి మంచులో గడ్డకట్టించి, పగలు ఎండలో కాళ్ళతో తొక్కి నీళ్ళు పిండి ఎండబెట్టిన ఉర్లగడ్డ పేరు 'చున్యో'. అది ఏళ్ళ తరబడి చెడదు.

కనుక ఆ పిల్లకు జవాబు ఇది: కూలి లేదు, తిండి ఉంది, కల్లు ఉంది, బట్ట ఉంది. రాను అనే హక్కు మాత్రం లేదు.

సక్సాయ్‌వామన్ గోడల గురించి పెద్రో సియెజా ద లియోన్ అనే స్పానిష్ సైనికుడు, పతనం తరువాత ఇరవై ఏళ్ళ లోపలే, కుస్కో పెద్దలను అడిగి రాసుకున్నాడు. 20,000 మందిని వంతులవారీగా రప్పించారట. 4,000 మంది రాయి కొట్టారు. 6,000 మంది తోలుతాళ్ళు, నారతాళ్ళు కట్టి లాగారు. మిగతావాళ్ళు పునాదులు తవ్వి, దూలాలు నరికారు. వాళ్ళకు ఇనుము లేదు, బండి చక్రం లేదు, ఎద్దు లేదు, గుర్రం లేదు. లామా మోసేది పాతిక ముప్పై కిలోలు. మిగిలింది మనిషి భుజం. ఒయాంతాయ్‌తాంబో గుడికి తరలిస్తూ దారిలో వదిలేసిన పెద్ద బండలు నేటికీ ఉన్నాయి. వాటిని అక్కడి జనం 'అలసిన రాళ్ళు' అంటారు. పిల్లలకు ఈ మాట చెప్పి ఆగితే చాలు. అలసింది ఎవరో వాళ్ళే చెబుతారు.

మూడో మాట వెట్టి. అది స్పెయిన్‌వాళ్ళు వచ్చాక వచ్చింది. పొతోసి కొండలో 1545లో వెండి దొరికింది. 1573లో రాజప్రతినిధి తొలేదో పాత మిత పేరునే పట్టుకుని, పదహారు సీమల నుంచి పెద్దవాళ్ళయిన మగవారిలో ఏడోవంతును, ఏటా సుమారు 13,500 మందిని, గనులకు తోలాడు. పేరు అదే. గిడ్డంగి లేదు, కల్లు లేదు, చేను చూసుకునే అయ్యు చెదిరిపోయింది. ఒకే మాట లోపల అర్థం ఎలా మారిపోతుందో సాహిత్య విద్యార్థులకు ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు. పాత మాటను నిలబెట్టి, దానిలోని బాధ్యతను తీసేసి, బరువును మాత్రం ఉంచడం దోపిడీకి తెలిసిన పాత విద్య.

స్వర్గమూ కాదు, రాక్షస రాజ్యమూ కాదు

పై విషయాలు చదివిన అభ్యుదయ రచయితకు ఒక ఆకర్షణ కలుగుతుంది. డబ్బు లేదు, ఆకలి లేదు, భూమి ఉమ్మడిది - ఇదే కదా మనం కలగనే సమాజం అనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఇది కొత్త పొరపాటు కాదు. ఫ్రెంచి ఆర్థికవేత్త లూయీ బోదాఁ 1928లో రాసిన పుస్తకానికి 'ఇన్కాల సోషలిస్టు సామ్రాజ్యం' అని పేరే పెట్టాడు. పెట్టింది మెచ్చుకోలుగా కాదు, సోషలిజానికి హెచ్చరికగా. అదే ఏడాది పెరూ మార్క్సిస్టు హోసె కార్లోస్ మరియాతెగి తన ఏడు వ్యాసాల పుస్తకంలో ఇన్కా కమ్యూనిజం గురించి మరో దృష్టితో రాశాడు. అతని తపన గతం మీద కాదు. పెద్ద భూస్వాముల కింద నలుగుతున్న ఆనాటి ఇండియన్ రైతు మీద. అయ్యులో మిగిలిన సహకారపు అలవాటు రేపటి సమాజానికి పనికొస్తుందన్నది అతని ఆశ. 1956లో మర్రా తన పరిశోధనా గ్రంథంలో ఈ పేర్లన్నీ పక్కన పెట్టి పద్దులు చూశాడు. గిడ్డంగుల్లో ఎక్కువభాగం సైన్యానికి, యంత్రాంగానికి, వంతు పనివాళ్ళకు తిండిపెట్టడానికని, ఊరి ఆకలిని ముఖ్యంగా ఊరి ముయ్యే తీర్చిందని తేలింది.

ఇంకో పక్క చూడాలి. ఊరూరా తిరిగి అధికారులు కొందరు ఆడపిల్లలను ఎంచి 'అక్యా' అనే పేరుతో మఠాల్లాంటి ఇళ్ళలో ఉంచేవారు. వాళ్ళు రాజ్యానికి కుంబి నేయాలి, కల్లు కాయాలి. అయ్యు నుంచి తెంచి పెద్దల కొలువులో శాశ్వతంగా ఉంచిన 'యానా'లున్నారు. ఎదురుతిరిగిన జాతులను వందల మైళ్ళ దూరం తరలించి వేరే నేల మీద నాటారు. అందుకే, 1527 ప్రాంతాన వైనా కపాక్ చక్రవర్తి చనిపోయి, అతని కొడుకులు వాస్కర్, అతవాల్పాల మధ్య అంతర్యుద్ధం వచ్చి, దేశం చీలి ఉన్నప్పుడు స్పెయిన్‌వాళ్ళు రాగానే వాంకాలు, కన్యారీలు వంటి అణగిన జాతులు వాళ్ళతో చేతులు కలిపాయి. 168 మంది ఒక మహా సామ్రాజ్యాన్ని గెలిచారన్న అద్భుతం వెనక ఉన్నది ఈ అసంతృప్తీ, యూరప్ నుంచి వచ్చిన మశూచీ. పిల్లలకు ఇది చెప్పకపోతే కత్తి, గుర్రం, ధైర్యం మాత్రమే చరిత్ర నడుపుతాయని నమ్ముతారు.

అన్నిటికన్న కష్టమైన విషయం బలి. ఇన్కా రాజ్యం కొన్ని సందర్భాల్లో పిల్లలను పర్వతదేవతలకు బలి ఇచ్చింది. 1999లో అర్జెంటీనా, చిలీల సరిహద్దులో 6,739 మీటర్ల ఎత్తున ఉన్న యుయాయాకో శిఖరం మీద మంచులో చెడకుండా ఉన్న ముగ్గురు పిల్లల శరీరాలు దొరికాయి. ఒక అమ్మాయికి సుమారు పదమూడేళ్ళు. మిగతా ఇద్దరు నాలుగైదేళ్ళవాళ్ళు. 2013లో ఆమె వెంట్రుకల పరీక్ష ఫలితాలు వచ్చాయి. మొదట సామాన్యుల తిండి తిన్న ఆ అమ్మాయికి చివరి ఏడాదిలో పెద్దింటి తిండి పెట్టారు. చివరి వారాల్లో కల్లు, కోకా విపరీతంగా ఇచ్చారు.

ఇది పదేళ్ళ పిల్లలకు చెప్పాలా? మా మిత్రుల్లో ఇద్దరు వద్దన్నారు. అప్పటికే దెబ్బతిన్న జాతిని అనాగరికులుగా చూపడానికి వలసవాదులు ఈ విషయాన్నే వాడుకున్నారన్నది ఒకరి వాదన, అందులో నిజముంది. పిల్లలు భయపడతారన్నది రెండోవారి మాట. చివరకు నేను నాలుగు వాక్యాలు రాశాను. రక్తం వర్ణించలేదు, 'క్రూరులు' అనలేదు. రాజ్యం తన గొప్పను దేవుడిచేత ఒప్పించుకోవడానికి ఊళ్ళ నుంచి పిల్లలను తీసుకుపోయేదని, తల్లిదండ్రులకు అది గౌరవమని చెప్పేదని, ఆ పిల్లలు మీ ఈడువాళ్ళని మాత్రం చెప్పాను. చదివి వినిపించినప్పుడు పిల్లలు భయపడలేదు. "వాళ్ళమ్మ ఏడ్వకుండా ఉంటుందా?" అని ఒకడు అన్నాడు. గౌరవం అన్న మాట మీద వాడికి అనుమానం వచ్చింది. చరిత్ర చదివే మనిషికి ఆ అనుమానమే తొలి అర్హత. దాచిపెట్టి ఉంటే ఆ అవకాశం పోయేది.

అక్షరం లేని లెక్క, అక్షరం పట్టిన రైతు

ఇన్కాలకు లిపి లేదని చెప్పగానే పిల్లలు తక్కువగా అనుకుంటారు. అప్పుడు తాడు చేతికివ్వాలి. వాళ్ళ లెక్కలన్నీ 'కిపు' అనే ముడుల తాళ్ళలో ఉండేవి. అడ్డంగా ఒక లావుపాటి తాడు. దానికి వేలాడే సన్నతాళ్ళు. సన్నతాడు అడుగున ఒకట్లు, మధ్యలో పదులు, పైన వందలు. ఉదాహరణకు 243 రాయాలంటే పైన రెండు ముడులు, నడుమ నాలుగు ముడులు, అడుగున మూడు చుట్లు తిప్పిన ఒక పొడుగు ముడి. సున్నా అంటే ఆ చోట ఖాళీ. ఈ పద్ధతిని 1912లో లేలండ్ లాక్ అనే అమెరికన్ గణితజ్ఞుడు విప్పి చెప్పాడు. కొన్ని కిపులు లెక్కలకు మించి కథలు కూడా చెప్పేవని చరిత్రకారులు రాశారు. వాటిని చదవగలిగినవారు నేటికీ లేరు. గోనె పురికొస ముక్కలిచ్చి నేను కిపు నేర్పాను. స్థానవిలువ పలక మీద రాని పిల్లలకు కూడా తాడు మీద వచ్చింది.

ఇక బొమ్మల సంగతి. ఫెలీపే వామన్ పోమా ద అయాలా అనే ఆండీస్ మనిషి 1615 ప్రాంతంలో స్పెయిన్ రాజుకు ఒక అర్జీ రాశాడు. దాదాపు 1,200 పేజీలు, సుమారు 400 బొమ్మలు. తనకు పూర్తిగా పట్టుబడని స్పానిష్‌లో, మధ్య మధ్య కెచువా కలిపి, తన జనం పూర్వం ఎలా బతికారో, దొరలూ పాదిరీలూ ఇప్పుడు ఎలా పీడిస్తున్నారో బొమ్మ బొమ్మకూ చెప్పాడు. రాజు చదివిన జాడ లేదు. ఆ ప్రతి 1908లో కోపెన్‌హేగన్ రాజగ్రంథాలయంలో బయటపడింది, 1936లో పారిస్‌లో అచ్చయింది. ఇప్పుడు ఆ గ్రంథాలయమే దాన్ని అందరికీ చూపిస్తోంది. అందులో నెల నెలా రైతు పనులున్నాయి. ఏ వయసు పిల్లలు ఏం చేసేవారో ఉంది: అయిదు నుంచి తొమ్మిదేళ్ళ మగపిల్లలు ఆడుకునేవాళ్ళు, తొమ్మిది నుంచి పన్నెండేళ్ళవాళ్ళు ఉచ్చులు పన్ని చిన్నపిట్టలు పట్టేవాళ్ళు, ఆ ఈడు ఆడపిల్లలు రంగులకూ మందులకూ పూలు ఏరేవాళ్ళు. పిల్లల పుస్తకానికి ఇంతకన్న కావలసిందేముంది? దోచుకున్నవాడి బొమ్మలకు బదులు దోపిడీకి గురైనవాడు గీసిన బొమ్మలు పెట్టవచ్చు.

కథను 1533లో ఆపరాదు

మన పాఠాల్లో పెద్ద లోపం ఏమిటంటే, రాజు చావగానే జనాన్ని కూడా చంపేస్తాం. విల్కబంబా అడవుల్లో ఇన్కాల ప్రతిఘటన 1572 దాకా సాగింది. 1780లో రెండో తుపాక్ అమారు, అతని భార్య మికాయెలా బస్తీదాస్ నాయకత్వాన వేలాదిమంది రైతులు తిరగబడ్డారు. 1781 మే 18న ఇద్దరినీ కుస్కోలో చంపించిన ప్రభుత్వం అక్కడితో ఆగలేదు. ఇన్కా తల్లికి, స్పానిష్ తండ్రికి పుట్టిన గార్సిలాసో 1609లో ప్రచురించిన చరిత్ర గ్రంథాన్ని కూడా నిషేధించింది. నూట డెబ్బై ఏళ్ళనాటి పుస్తకానికి ప్రభుత్వం భయపడిందంటే రచయితలుగా మనం గమనించాలి. కెచువా మాట్లాడేవారు నేటికీ దాదాపు 80 లక్షలమంది. 1975లో పెరూ దాన్ని అధికార భాషగా ప్రకటించింది. మచు పిచును 1911లో హైరం బింగం 'కనుగొన్నాడ'ని రాస్తారు. ఆ రోజు అతను పోయేసరికి అక్కడి మెట్టచేలలో రైతు కుటుంబాలు పంట వేసుకుంటున్నాయి. శిథిలాల్లోకి అతన్ని వేలుపట్టి తీసుకుపోయింది ఒక పిల్లవాడు.

మా పిల్లలు మొదటిరోజు ఆ జాతి పేరు వినగానే నవ్వారు. "ఇంకా ఏంది సార్?" అని అడిగారు. అందుకే నేను 'ఇన్కా' అని రాస్తున్నాను. కాని వాళ్ళ ఉచ్చారణే ఒక విధంగా నిజం. అపురిమాక్ నది మీద కెస్వాచాకా అనే గడ్డి వంతెన ఉంది. సుమారు 30 మీటర్ల పొడవు. గడ్డి పేని, తాళ్ళు అల్లి, చుట్టుపక్కల నాలుగు సమాజాలవాళ్ళు ఏటా జూన్‌లో పాతదాన్ని తెంచి కొత్తది కడతారు. కరోనా వల్ల కట్టడం ఆగి 2021 మార్చిలో అది తెగి నదిలో పడింది. ఆ జూన్‌లోనే మళ్ళీ కట్టారు. రాజు లేడు, వంతు లేదు. ముయ్యి మిగిలింది.

మన పిల్లలకు ఈ కథతో నిజమైన బంధుత్వం తిండిలో ఉంది. ఉర్లగడ్డను ఆండీస్ రైతులు ఏడెనిమిది వేల ఏళ్ళనాడు మచ్చిక చేశారు. వేరుశనగ కూడా దక్షిణ అమెరికా పంటే. ఇన్కాలకు వెయ్యేళ్ళకు ముందు పెరూ తీరాన బతికిన మోచే ప్రభువు ఒకని సమాధి 1987లో సిపాన్ దగ్గర బయటపడింది. అతని మెడలో బంగారంతో, వెండితో చేసిన శెనక్కాయల హారం ఉంది. రెండోసారి పుస్తకం చదివినప్పుడు ఈ వాక్యం దగ్గర ఆ పిల్ల తలెత్తి చూసింది.

ఆ సాయంత్రం పిల్లలంతా తమ కిపులు తెచ్చి చూపారు. ఒకడు ఇంట్లో గొర్రెలు లెక్కగట్టాడు. ఒకడు తన వయసు ముడివేశాడు. ఆ పిల్ల రెండు తాళ్ళు తెచ్చింది. మొదటి దాని అడుగున ఆరు చుట్ల పొడుగు ముడి, రెండో దానికి నాలుగు చుట్లది. "ఇది మాయమ్మ పోయిన దినాలు సార్. ఇది కూలి ఇచ్చిన దినాలు" అంది.

పుస్తకం మొదటి పేజీ మళ్ళీ మార్చాను. ఇప్పుడది సూర్యదేవాలయంతో మొదలుకావడం లేదు. ఒక కొండ, ఆ కొండ మీద ఉర్లగడ్డలు తొక్కుతున్న ఒక తల్లి, ఆమె పక్కన తాడుకు ముడి వేస్తున్న ఒక మనిషితో మొదలవుతుంది. బంగారం పన్నెండో పేజీలో వస్తుంది.